‘అణు కుంపటి’ అని రాసేవాళ్లు కుంపటి చూశారా? కొవ్వాడ, శాంతి చట్టం, మన వార్తలు: మొహమాటాలు వద్దు

వంశధార — జనవరి 10, రాత్రి 9.40

పండక్కి ఊరొచ్చాను. శ్రీకాకుళంలో మా నాన్నగారి బల్ల సొరుగులో, మా జిల్లా కొవ్వాడలో కడతామంటున్న అణు విద్యుత్ కేంద్రం వార్తల కత్తిరింపులు ఒక ఫైలు నిండా ఉన్నాయి. పదిహేనేళ్లుగా దాస్తున్నారు. నిన్న రాత్రి కూర్చుని వరసగా చదివాను. అంచుల్లో ఎర్రసిరాతో తప్పులు దిద్దారు కూడా, బడిపంతులు కదా.

సగానికి పైగా శీర్షికల్లో ‘అణు కుంపటి’. రాసినవాళ్లు కుంపటిని ఎప్పుడైనా చూశారా అని అనుమానం వచ్చింది. పుష్యమాసం చలికి మా నాయనమ్మ మంచం పక్కన కుంపటి పెట్టుకునేది. బొగ్గులు రాజేసి, పైన బూడిద కప్పి, అందులో మాకు చిలగడదుంపలు కాల్చి పెట్టేది. ఇంట్లో అంతకన్నా ఆప్తమైన వస్తువు ఇంకొకటి ఉండేది కాదు. దాన్ని పట్టుకుని దెయ్యం చేశారు.

ఇక బొమ్మ. ప్రతి వార్త పక్కనా నడుము సన్నటి పెద్ద గోపురాలు, వాటి నుంచి తెల్లటి ‘పొగ’. అది నీటి ఆవిరి. ఆ గోపురాలు అణు కేంద్రం సొత్తు కూడా కాదు. పాల్వంచలో పాత థర్మల్ కేంద్రానివి ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చేస్తే వీడియోలు అందరూ చూశారు కదా, అవే. సముద్రపు నీటితో చల్లబరిచే తమిళనాడు అణు కేంద్రం కూడంకుళంలో అలాంటిది ఒక్కటీ లేదు. కొవ్వాడ ఉన్నదీ సముద్రం ఒడ్డునే.

నా అభిప్రాయం దాచను. అణు విద్యుత్తు కావాలి, ఎప్పుడో రావలసింది. అభ్యంతరం ఉన్నవాళ్లు అంకె పట్టుకుని రండి.


లెక్కల మాస్టారు — జనవరి 10, రాత్రి 10.15

మీ నాన్నగారికి నా నమస్కారాలు. ఆ ఎర్రసిరా నాకూ ఉంది.

అంకె అడిగారు కనుక: కొవ్వాడలో అనుకుంటున్నవి ఆరు రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు, మొత్తం 7,248. దేశంలో ఇప్పుడున్న అణు సామర్థ్యమంతా కలిపినా 9,000 మెగావాట్లు దాటదు. 1969లో తారాపూర్ మొదలైనప్పటి నుంచి దేశం మొత్తం మీద కట్టినదానికి దగ్గరగా వచ్చేంతటి కేంద్రాన్ని ఒక్క రణస్థలం మండలంలో కడతామంటున్నారు. భద్రత సంగతి తర్వాత. ముందు ఇది జరిగే పనేనా?

ఇంకొక విన్నపం. ‘రోజుకు వెయ్యి మెగావాట్ల విద్యుత్తు’ అని రాసేవాళ్లు దయచేసి ఆగండి. మెగావాటు వేగం లాంటిది, యూనిట్టు దూరం లాంటిది. ‘మా బావ రోజుకు గంటకు అరవై కిలోమీటర్లు ప్రయాణించాడు’ అని ఎవరైనా అంటే బావను కాదు, చెప్పినవాడిని డాక్టరుకు చూపిస్తాం.


గొడ్డలి — జనవరి 10, రాత్రి 10.31

అయిదు నిమిషాలు కరెంటు పోతే లైన్‌మన్‌కు పది ఫోన్లు చేసేవాళ్లందరూ బొగ్గు వద్దు, అణువు వద్దు, ఆనకట్ట వద్దు, మా పొలం మీదుగా తీగ కూడా వద్దు అంటారు. స్విచ్చి మాత్రం కావాలి.


తెరచాప — జనవరి 10, రాత్రి 11.48

వంశధార గారూ, మీ నాన్నగారి ఫైలులో ఉన్నది మా ఊరు. నేను ఇక్కడే ఉంటాను. నాన్న, చిన్నాన్నలు చేపల వేటకు వెళ్తారు. నేను పాలిటెక్నిక్ చదివి పైడిభీమవరంలో పని చేస్తున్నాను. కుంపటి మాట నాకూ నచ్చదు. కానీ మీరు అడిగే అంకె వేరు, మా వీధిలో తిరిగే అంకె వేరు.

సర్వే కాగితంలో గళ్లు ఇలా ఉంటాయి: ఇల్లు ఎన్ని గజాలు, కొబ్బరిచెట్లు ఎన్ని, పాక ఉందా లేదా. పెళ్లయి వేరు కాపురం పెట్టినవాడిని వేరే కుటుంబంగా రాస్తారా, తండ్రి కింద కలిపేస్తారా అన్నదాని మీద ఏడాది పాటు అన్నదమ్ముల మధ్య మాటలు లేవు. మా నాన్న ఒకటే అడిగారు, ‘సముద్రం ఏ గడిలో రాస్తారు బాబూ?’ అని. వచ్చినాయన మంచివాడే. నవ్వి, ‘దానికి పట్టా లేదు కదా తాతా’ అన్నాడు.

పొలం ఉన్నవాడికి పొలం డబ్బు వస్తుంది. సముద్రం మీద బతికేవాడికి? ఇస్తామన్న కాలనీ తీరానికి దూరం. వల భుజాన వేసుకుని బస్సు ఎక్కాలా?

నేను ఆరో తరగతిలో ఉండగా ఈ మాట మొదటిసారి విన్నాను. ఇప్పుడు నా కూతురు అంగన్‌వాడీకి వెళ్తోంది. ఈ మధ్యకాలంలో పైకప్పు మార్చాలన్నా ‘ఎలాగూ ఖాళీ చేయాలి కదా’ అని వాయిదా. ఇంటి మీద అప్పు పుట్టదు. మా ఊరికి పిల్లనివ్వడానికి ఆలోచిస్తున్నారు. రియాక్టరు రాకముందే దాని నష్టం వచ్చి కూర్చుంది.


వంశధార — జనవరి 11, ఉదయం 6.20

తెరచాప తమ్ముడూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఫైలులో మళ్లీ వెతికాను. పట్టా లేని సముద్రం మాట ఒక్క కత్తిరింపులోనూ లేదు.


జార్జియా బాబాయి — జనవరి 11, ఉదయం 7.55

నేను ఉండేది అట్లాంటాకు కాస్త దూరంలో. కొవ్వాడకు ఇస్తామంటున్న రియాక్టరు నమూనా పేరు ఏపీ1000. (పేరు చూసి మురిసిపోవద్దు, దానికీ ఆంధ్రప్రదేశ్‌కూ చుట్టరికం లేదు.) అమెరికాలో అది నడుస్తున్నది మా రాష్ట్రంలోనే, వోగ్టిల్ అనే చోట. రెండు కట్టారు. 1,400 కోట్ల డాలర్లని మొదలుపెట్టి 3,000 కోట్లు దాటించారు. 2016, 2017లో రావలసినవి ఒకటి 2023 జులైలో, ఇంకొకటి 2024 ఏప్రిల్‌లో వచ్చాయి. మధ్యలో 2017 మార్చిలో, ఆ నమూనా తయారుచేసే వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. పక్కనే సౌత్ కరోలినాలో ఇవే రెండు మొదలుపెట్టి, దాదాపు 900 కోట్ల డాలర్లు తగలేసి, అదే ఏడాది మధ్యలో వదిలేశారు.

మా కరెంటు బిల్లులో అణు నిర్మాణం పేరుతో ఏళ్ల తరబడి ఒక రుసుము ఉండేది. ఇల్లు కట్టకముందే అద్దె వసూలు చేయడం అన్నమాట. ఇప్పుడు రెండూ శుభ్రంగా నడుస్తున్నాయి. ప్లాంటును చూసి నాకు భయం లేదు. ఆ బిల్లును చూసే.

కొవ్వాడ కథ వింటే పెళ్లిచూపులు గుర్తొస్తాయి. ముందు జనరల్ ఎలక్ట్రిక్ వచ్చి కాఫీ తాగి, మీ ఇంటి చట్టాలు నచ్చలేదని వెళ్లింది. తర్వాత గుజరాత్‌లో మీఠీ విర్డి సంబంధం కుదరని వెస్టింగ్‌హౌస్‌ను 2016లో ఇక్కడికి తెచ్చారు. మరుసటి ఏడాదే వరుడు దివాలా. పిల్ల ఇంకా పట్టుచీర కట్టుకుని కూర్చునే ఉంది.


వంశధార — జనవరి 11, ఉదయం 9.02

బాబాయి గారూ, సగం చెప్పారు. అదే నమూనావి నాలుగు చైనాలో సాన్‌మెన్, హైయాంగ్‌లలో కొన్నేళ్లుగా నడుస్తున్నాయి. మొదటివి 2018లోనే వచ్చాయి. అమెరికా ముప్పై ఏళ్లు రియాక్టర్లు కట్టడం మానేసి చేయి మరిచిపోయింది. మొదటి దోశ పెనానికి అంటుకుందని పిండి పారబోస్తామా?


గొడ్డలి — జనవరి 11, ఉదయం 9.10

3,000 కోట్ల డాలర్ల దోశ.


లెక్కల మాస్టారు — జనవరి 11, ఉదయం 9.44

చైనా దోశలూ నాలుగేళ్లు ఆలస్యంగానే దిగాయి. చెప్పుకోవలసింది మన సొంత వంట. 700 మెగావాట్ల భారజల (బరువు హైడ్రోజన్ ఉన్న నీటితో నడిచే) రియాక్టర్లు గుజరాత్ కాక్రపార్‌లో 2023లో ఒకటి, 2024లో ఒకటి, తర్వాత రాజస్థాన్‌లో ఒకటి. పెనం మనది, పిండి మనది. అవే వరసగా కట్టుకుంటూ పోకుండా 1,208 మెగావాట్ల పరాయి పెనం ఎందుకు అని ఏ విలేకరీ అడగడు.


సంతబజారు — జనవరి 11, మధ్యాహ్నం 1.30

అమెరికావాళ్లకు నచ్చని ‘మీ ఇంటి చట్టం’ కథ నేను చెబుతాను. ఇది రాజకీయం, కాబట్టి ఏ పార్టీ అభిమానీ పూర్తిగా చదవడు.

2008 జులై 22. అమెరికాతో అణు ఒప్పందం మీద వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకుంటే మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విశ్వాస పరీక్షకు వెళ్లింది. లోక్‌సభలో నోట్ల కట్టలు పైకెత్తి చూపించిన రోజు అది. 275కు 256. వ్యతిరేకంగా ఓటేసిన భారతీయ జనతా పార్టీ 2010లో పౌర అణు నష్టపరిహార చట్టం వచ్చినప్పుడు, పరికరాలు సరఫరా చేసినవాడి మెడకూ బాధ్యత చుట్టాలని పట్టుబట్టింది. భోపాల్ కేసులో తీర్పు వచ్చి రెండు నెలలు, జనం మంట మీద ఉన్నారు. అలా వచ్చింది ఆ చట్టంలో సెక్షన్ 17(బి).

2025 డిసెంబరులో అదే పార్టీ ప్రభుత్వం శాంతి చట్టం తెచ్చింది. 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 చట్టం రెండూ రద్దు. ప్రైవేటు కంపెనీలకు తలుపు తీశారు. సరఫరాదారుడి మెడ మీద కత్తి తీసేశారు. ఇప్పుడు కాంగ్రెస్ అన్యాయం అంటోంది. నాటకం అదే, వేషాలు మార్చుకున్నారు. లోక్‌సభలో ఒక రోజు, రాజ్యసభలో ఒక రోజు, అంతే.

ప్రమాదం జరిగితే అతి పెద్ద రియాక్టరు నడిపేవాడి బాధ్యత గరిష్ఠంగా 3,000 కోట్ల రూపాయలు. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాద బాధితులకు చెల్లించినది 10 లక్షల కోట్ల యెన్‌లు దాటింది. మాస్టారూ, రూపాయల్లోకి మీరే మార్చండి.


లెక్కల మాస్టారు — జనవరి 11, మధ్యాహ్నం 1.52

మార్చాను. ఎంత తగ్గించి వేసినా 5 లక్షల కోట్ల రూపాయలు పైమాటే. 3,000 కోట్లు అందులో నూటికి ఒక పాలు కూడా కాదు.


డెస్కు పాతకాపు — జనవరి 11, రాత్రి 10.05

చాలాకాలంగా చదవడమే తప్ప రాయలేదు. ముప్పై ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పని చేశాను. ఏ పత్రిక అని అడగవద్దు.

‘అణు కుంపటి’ ఎలా పుడుతుందో చెబుతాను. రాత్రి పదిన్నరకు జిల్లా పేజీ మూస్తారు. రెండు కాలాల శీర్షికలో ‘అణు విద్యుత్ కేంద్రం’ పట్టదు. ‘అణు కుంపటి’ పడుతుంది. పైగా ‘గుండెల మీద కుంపటి’ అనే జాతీయం తెలుగువాడి చెవిలో ముందే ఉంది. కాబట్టి వంశధార గారూ, అది మీ నాయనమ్మ కుంపటి కాదు. పెళ్లికాని పిల్ల గురించి తండ్రి చెప్పుకునే కుంపటి. జార్జియా బాబాయి గారి పెళ్లిచూపుల పోలికకు మీకు తెలియకుండానే అతికింది.

ఇప్పుడు నా పాపం ఒకటి. 2011 మార్చి, ఫుకుషిమా. ఏజెన్సీ వార్తలో ఉన్నది రియాక్టరు భవనంలో హైడ్రోజన్ వాయువు పేలుడు. నేను పెట్టిన శీర్షికలో అది ‘అణు విస్ఫోటం’ అయింది. రెండింటికీ మధ్య గ్యాసు బండకూ హిరోషిమాకూ ఉన్నంత తేడా. మరునాడు ఎవరూ అడగలేదు. పాఠకుడు అడగలేదు, ఎడిటరు అడగలేదు. ఆ ప్రమాదానికి కారణమైన సునామీలో చనిపోయినవారు, గల్లంతైనవారు 18,000 పైచిలుకు. రేడియేషన్ వల్ల చనిపోయినట్లు జపాన్ ప్రభుత్వం 2018లో ఒప్పుకున్నది ఒక్క కార్మికుడి పేరిట. హడావుడి తరలింపులోనూ ఆ తర్వాతి నిర్వాసంలోనూ ప్రాణాలు పోయిన వృద్ధులు, రోగులు వేలల్లో ఉన్నారు. మా పేజీలు చదివినవారికి ఆ 18,000 మందినీ రియాక్టరే చంపిందని అనిపించి ఉంటుంది. నాకే ఒకప్పుడు అలా అనిపించేది.

ఇంకొకటి, దీనికి నవ్వుకోండి. రియాక్టరు ‘క్రిటికల్’ అయింది అంటే గొలుసు చర్య నిలకడగా మొదలైందని, శుభవార్త. మా కుర్రవాడొకడు ‘రియాక్టర్ పరిస్థితి విషమం’ అని తర్జుమా చేశాడు. అచ్చుకు వెళ్లేలోపు పట్టుకున్నాం.

శాంతి చట్టం సంగతి. అదే వారం ఉపాధి హామీ పథకం మార్పు గొడవ జరుగుతోంది, మొదటి పేజీ దానికి వెళ్లింది. తప్పనను, కూలీ డబ్బు పల్లెకు దగ్గర విషయం. కానీ మా ఇంటికి వచ్చే పత్రికలో లోపలి పేజీ వార్తలో కొవ్వాడ పేరే లేదు. కొవ్వాడకు అడ్డుగా ఉన్న చట్టాన్ని తీసేస్తే కొవ్వాడ పేరు లేదు.


మౌలాలి మామయ్య — జనవరి 12, ఉదయం 5.40

నా ఉద్యోగమంతా ఇంధన కట్టల మధ్య గడిచింది. హైదరాబాదులో ఈసీఐఎల్ కూడలి దగ్గర అణు ఇంధన సముదాయం 1971 నుంచి ఉందనీ, దేశంలో భారజల రియాక్టర్లకు ఇంధనం అక్కడి నుంచే వెళ్తుందనీ పక్క వీధిలో అద్దెకున్నవారికే తెలియదు. మణుగూరు దగ్గర భారజలం, ఇక్కడ ఇంధనం. ఈ రెండూ మన దగ్గర ఉంటే దానిమీద చర్చ మాత్రం జపాన్ బొమ్మలు పెట్టి చేస్తాం.

220 మెగావాట్ల రియాక్టరుకు వెళ్లే కట్ట అర మీటరు పొడవు ఉంటుంది. 19 జిర్కోనియం గొట్టాలు, లోపల నల్లటి యురేనియం బిళ్లలు వరసగా పేర్చి ఉంటాయి, మొత్తం 16 కిలోల చిల్లర. కొత్త కట్టను చంటిపిల్లను ఎత్తుకున్నట్లు రెండు చేతుల మీద ఎత్తుకోవచ్చు, ఎత్తుకున్నాను కూడా. అదే కట్ట రియాక్టరులో ఉండి వచ్చాక దగ్గరికి వెళ్లినవాడు బతకడు. దాన్ని యంత్రం తీస్తుంది, నీటి అడుగున ఏళ్ల తరబడి ఉంచుతారు. రెండు మాటలూ నిజమే. మొదటిది మాత్రమే చెప్పేవాడిని ప్రచారకుడు అంటాం. రెండోది మాత్రమే చెప్పేవాడికి టీవీలో చోటు దొరుకుతుంది.

కర్ణాటకలో కైగా అణు కేంద్రం మొదటి యూనిట్టు 2018లో 962 రోజులు ఆగకుండా నడిచి ప్రపంచ రికార్డు కొట్టింది. డెస్కు గారూ, ఎన్ని కాలాల్లో వేశారు?


డెస్కు పాతకాపు — జనవరి 12, ఉదయం 8.15

సింగిల్ కాలం, లోపలి పేజీ. కింద పట్టుచీరల ప్రకటన.


తాళంచెవి — జనవరి 12, మధ్యాహ్నం 12.20

బెంగళూరులో కంప్యూటర్ల భద్రత నా పని. మీడియాను అందరూ తిడుతున్నారు. నిజం దాచేవాడి సంగతి కూడా మాట్లాడుకుందాం.

2019 అక్టోబరు 29. కూడంకుళం నెట్‌వర్క్‌లోకి మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) దూరిందని సామాజిక మాధ్యమాల్లో గోల. అణు కేంద్రం నుంచి ప్రకటన: అది తప్పుడు సమాచారం, మా నియంత్రణ వ్యవస్థ బయటి ఇంటర్నెట్‌కు తగిలి ఉండదు, దాడి సాధ్యం కాదు. మరునాడు, 30న, అణు విద్యుత్ సంస్థ నుంచి ఇంకొక ప్రకటన: మాల్‌వేర్ దొరికిన మాట నిజమే. ఆ సంగతి సెప్టెంబరు 4నే వారికి తెలుసు. దొరికింది కార్యాలయ పనుల కోసం వాడే ఒక కంప్యూటరులో, రియాక్టరుకు దానితో సంబంధం లేదు. సాంకేతికంగా ఈ మాట నేను నమ్ముతాను. కానీ మొదటి రోజే ఈ మూడు వాక్యాలు చెప్పి ఉంటే ఆ వార్త అక్కడితో ఆగేది. ఒక రోజు అబద్ధమన్నారు, మరునాడు నిజమన్నారు. ఇక మూడో రోజు నిజం చెప్పినా నమ్మేవాడు ఉండడు.


మౌలాలి మామయ్య — జనవరి 12, మధ్యాహ్నం 1.05

ఇది ఒప్పుకుంటాను బాబూ. మాకు చిన్నప్పటి నుంచి నేర్పింది ఒకటే, బయట మాట్లాడవద్దు అని. బాంబుకు పనికొచ్చే అలవాటు అది, బల్బుకు పనికిరాదు. అణు భద్రతను చూసే నియంత్రణ మండలి కూడా అణుశక్తి విభాగం కిందే ఉండటం సరికాదని 2012లో కాగ్ రాసింది. ఇప్పుడు శాంతి చట్టంలో దానికి చట్టబద్ధమైన హోదా ఇచ్చారు. మంచిదే. పదమూడేళ్లు పట్టింది.


చిత్రావతి — జనవరి 12, సాయంత్రం 6.30

రియాక్టరు దగ్గర మొదలుపెట్టి రియాక్టరు దగ్గరే ఆపేస్తున్నారు. యురేనియం తవ్వేది ఎక్కడ? మా కడప జిల్లా వేముల మండలం, తుమ్మలపల్లె. రాయిలో యురేనియం ఎంత పలుచన అంటే, టన్ను రాయి పిండి చేస్తే అర కిలో కూడా రాదు. మిగిలిన పిండి, రేడియం సహా, కొట్టాల దగ్గర చెరువులా నిలవ చేస్తారు. చుట్టుపక్కల అరటి రైతులు బోరు నీరు మారిందని ఫిర్యాదులు చేశారు, బృందాలు వచ్చి సీసాల్లో నీరు పట్టుకెళ్లాయి. ఫలితాలు ఒక్కో బృందానివి ఒక్కో రకం. మామూలు రైతు చదువుకునేలా తెలుగులో ఒక్క కాగితం ఊళ్లో అంటించలేదు.

నల్లమల అడవిలో యురేనియం తవ్వకాలంటే 2019లో అందరూ కదిలారు. సినిమావాళ్లు కదిలారు, తెలంగాణ అసెంబ్లీ సెప్టెంబరులో తీర్మానం చేసింది. అడవి అందంగా ఉంటుంది, పులి ఫోటోలో బాగా పడుతుంది. అరటితోట పడదు.


గొడ్డలి — జనవరి 12, సాయంత్రం 6.58

తవ్వకం వద్దంటే ఇంధనం కజకిస్థాన్ నుంచి వస్తుంది. మీ ఊరి బాధ వాళ్ల ఊరికి పంపిస్తారు, అంతే.


చిత్రావతి — జనవరి 12, రాత్రి 7.20

తవ్వకం వద్దని నేను అనలేదు. కాగితం అంటించమన్నాను. మళ్లీ చదవండి.


గొడ్డలి — జనవరి 12, రాత్రి 7.31

చదివాను. నాదే తొందర.


ఎండమావి — జనవరి 13, ఉదయం 10.10

నా వ్యాపారం సౌరఫలకాలు, ముందే చెబుతున్నాను. అనంతపురం ఎండను యూనిట్టు మూడు రూపాయల లోపు అమ్ముతున్నారు. ఏడాదిన్నరలో ప్లాంటు లేస్తుంది. సాయంత్రం సంగతి అడుగుతారని తెలుసు. శ్రీశైలం ఎడమగట్టున, సాగర్‌లో తిరుగుడు టర్బైన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడుకుని రాత్రి వదులుకోవచ్చు. రెండు రాష్ట్రాలూ నీళ్ల మీద కొట్టుకోవడం ఆపితే ఆ ఏర్పాటే పెద్ద బ్యాటరీ.


వంశధార — జనవరి 13, ఉదయం 11.00

అదే కదా, ఆపితే. సౌరం చవకే, ఒప్పుకుంటాను. కానీ విశాఖకు గూగుల్ డేటా కేంద్రం వస్తోంది, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, గిగావాటు స్థాయి. అది రాత్రి రెండింటికి కూడా ఒకే తీరుగా కరెంటు తాగుతుంది. అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఇందుకే, త్రీమైల్ ఐలండ్‌లో 2019లో మూసేసిన 835 మెగావాట్ల యూనిట్టును మళ్లీ తెరిపించడానికి 20 ఏళ్ల ఒప్పందం రాసుకుంది. 1979లో ప్రమాదం జరిగింది దాని పక్క యూనిట్టులో. సరదాకి ఎవరూ అలాంటి పేరున్న చోటికి వెళ్లరు.

చిన్న రియాక్టర్ల గురించి అడగకండి. 2033 నాటికి అయిదు అని 2025 బడ్జెట్‌లో 20,000 కోట్లు పెట్టారు. వస్తే చప్పట్లు కొడతాను. అమెరికాలో నూస్కేల్ వాళ్ల మొదటి ప్రాజెక్టు 2023లోనే ఖర్చు భరించలేక ఆగిపోయింది.


తెరచాప — జనవరి 13, రాత్రి 9.15

అంటే విశాఖలో కంప్యూటర్లు చల్లగా ఉండటానికి మా సముద్రం వేడెక్కాలి. వ్యంగ్యం కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఎంత వేడెక్కుతుంది?


లెక్కల మాస్టారు — జనవరి 13, రాత్రి 10.40

మంచి ప్రశ్న బాబూ. ఏ పత్రికా అడగనిది ఇదే.

ఒక్కో రియాక్టరులో పుట్టే వేడి 3,400 మెగావాట్లు. అందులో మూడో వంతే కరెంటు అవుతుంది. మిగిలిన 2,200 మెగావాట్ల వేడి సముద్రానికి పోతుంది, రాత్రీ పగలూ. ఆరుంటే 13,000 పైన. వదిలే నీరు మామూలు కన్నా 7 డిగ్రీలకు మించి వెచ్చగా ఉండకూడదని నిబంధన. దూరం పోయేకొద్దీ చల్లారుతుంది. బొగ్గు ప్లాంటు కూడా కొంత తక్కువగా ఇదే పని చేస్తుంది. వెచ్చటి నీరు పడేచోట కొన్ని చేపలు పోతాయి, కొన్ని చేరతాయి. మీ నాన్నగారికి దొరికే చేపలు పోయేవాటిలో ఉంటాయా, చేరేవాటిలో ఉంటాయా అన్నది ఇక్కడ ఇంట్లో కూర్చుని లెక్క కట్టలేను. ఎవరైనా మీ ఊరికి వచ్చి చెప్పాలి.


తెరచాప — జనవరి 13, రాత్రి 11.02

ఇన్నేళ్లలో 7 డిగ్రీలు అనే మాట నాకు చెప్పిన మొదటి మనిషి మీరు మాస్టారూ.


సంతబజారు — జనవరి 14, ఉదయం 8.30

భోగి శుభాకాంక్షలు. మంట దగ్గర నిలబడి ఇది రాస్తున్నాను. అణువు వద్దంటే బొగ్గే గతి అని పైన సూచనలు కనిపిస్తున్నాయి. శ్రీకాకుళంతో ఆ మాట చెప్పకండి. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జులై 14న కాల్పుల్లో ఇద్దరు పోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర మళ్లీ కాల్పులు. ఒకే జిల్లా, ఏడాది లోపు. వెయ్యి మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఏడాదికి లక్షల టన్నుల బూడిద పోస్తుందనీ, అంతే పెద్ద రియాక్టరుకు ఏడాదికి పాతిక ముప్పై టన్నుల ఇంధనం చాలనీ నాకూ తెలుసు. లెక్క అణువు వైపే. కానీ లెక్క చెప్పడానికి ఆ జిల్లాకు ఇంతవరకు వెళ్లింది పోలీసులే.


జార్జియా బాబాయి — జనవరి 14, ఉదయం 9.05

దీనికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. పండుగ పూట మా వీధిలో మంచు పడుతోంది.


గొడ్డలి — జనవరి 14, రాత్రి 8.45

సరే, నేనూ ఒకటి ఒప్పుకుంటాను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైన చోటికి మా మేనత్త ఇల్లు దగ్గర. అది రియాక్టరు కాదు, నిలవ ట్యాంకు వేడెక్కుతున్నా పట్టించుకోని నిర్లక్ష్యం. 12 మంది చనిపోయారు. సైరను మోగలేదు. మీట ఉంది, నొక్కలేదు. రియాక్టరు కట్టేవాళ్లు మహా తెలివైనవారు అని నాకు తెలుసు. సైరను మీట దగ్గర కూర్చునేవాడు ఎవరు అన్నదే నా భయం.


డెస్కు పాతకాపు — జనవరి 17, సాయంత్రం 5.20

పండుగ మూడు రోజులూ ఈ మాటలే తిరిగాయి. చేయి ఊరుకోక ఒక వార్త రాశాను. నేను ఇప్పుడు డెస్కులో ఉంటే ఇలా వేసేవాడిని. దిద్దండి.

‘కొవ్వాడ: పదహారేళ్లయినా పునాది లేదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ వద్ద 7,248 మెగావాట్ల అణు విద్యుత్ కేంద్రానికి 2009లో కేంద్రం సూత్రప్రాయంగా అంగీకరించింది. ఈలోగా సరఫరా సంస్థ ఒకసారి మారింది, అది ఒకసారి దివాలా తీసింది. యూనిట్టు ధర మీద ఒప్పందం ఇంకా కుదరలేదు. సరఫరాదారులకు అభ్యంతరకరంగా ఉన్న బాధ్యత నిబంధనను శాంతి చట్టం గత నెల తొలగించింది. సముద్రంలోకి వదిలే వెచ్చటి నీటి ప్రభావం గురించి, వేట మీద ఆధారపడిన కుటుంబాల గురించి నిర్వాసితులు అడుగుతున్న ప్రశ్నలకు జవాబు రావలసి ఉంది.’

శీర్షికలో కుంపటి లేదు, గమనించగలరు.


లెక్కల మాస్టారు — జనవరి 17, సాయంత్రం 5.41

‘7,248 మెగావాట్ల సామర్థ్యంగల’ అని ఉండాలి. మిగతాది బాగుంది.


వంశధార — జనవరి 17, సాయంత్రం 6.10

నాన్నగారికి చదివి వినిపించాను. ఎర్రసిరా కలం తీసి చాలాసేపు చూశారు. ‘సూత్రప్రాయంగా’ అన్నచోట ఒక చుక్క పెట్టి, ‘ఈ మాటకు అర్థం చెప్పమను’ అన్నారు.


తెరచాప — జనవరి 17, రాత్రి 9.30

ఒక్క మాట మార్చండి డెస్కు గారూ. ‘నిర్వాసితులు’ అన్నారు. మేము ఇంకా ఇక్కడే ఉన్నాం. తెల్లవారుజామున మూడింటికి నాన్న వేటకు వెళ్తున్నారు.